పాఠకుల ఉత్తరాలకి పేజీ ఇవ్వండి, కానీ ముందు దాని దగ్గర కూర్చునే మనిషిని చూసుకోండి

బొబ్బిలి నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది. నలుగురు స్నేహితులు కలిసి ఎనిమిది పేజీల నెలపత్రిక మొదలుపెడుతున్నారు. చుట్టుపక్కల ఊళ్ళ చరిత్ర, చేతిపనులు, కథలు, కవితలు వేస్తారట. పాఠకుల ఉత్తరాలకి ఒక పేజీ ఇవ్వాలా వద్దా అన్న దగ్గర ఇద్దరు అటు, ఇద్దరు ఇటు అయ్యారు. ఉన్నవే ఎనిమిది పేజీలు, అందులో ఒకటి పొగడ్తలకీ తిట్లకీ ఎందుకు, పైగా ఎవరో ఏదో రాస్తే కేసు మన మెడకి చుట్టుకుంటుంది అని వద్దన్నవాళ్ళ మాట. చదివినవాళ్ళకి నోరు ఇవ్వకపోతే అది పత్రిక కాదు, కరపత్రం అని కావాలన్నవాళ్ళ మాట.

తమ్ముడూ, నేను శ్రీకాకుళంలో పద్దెనిమిదేళ్ళు ఇలాంటి చిన్న పత్రికే నడిపాను. ఉత్తరాల పేజీ మొదటి సంచిక నుంచే పెట్టాను, మధ్యలో ఒక దెబ్బ తిని రెండేళ్ళు తీసేశాను, మళ్ళీ పెట్టి చివరిదాకా ఉంచాను. కాబట్టి రెండు వైపులా ఉన్న అనుభవంతో చెప్తున్నాను, పెట్టండి. అయితే మీరు నలుగురూ దాన్ని చోటు సమస్యగా చూస్తున్నారు, అది చోటు సమస్య కాదు. ఒక మనిషి చేయాల్సిన పని. మీ నలుగురిలో ఎవరో ఒకరు నెలకి రెండు ఆదివారాలు పూర్తిగా దీనికి ఇవ్వగలరా, వచ్చిన ప్రతి ఉత్తరం చదివి, అనుమానం ఉన్నచోట ఫోన్ చేసి, అవసరమైతే బస్సెక్కి వెళ్ళి కనుక్కుని రాగలరా అన్నది ముందు తేల్చుకోండి. అలాంటి మనిషి ఉంటే ఒక పేజీ ఏం ఖర్మ, రెండు పేజీలివ్వండి. లేకపోతే అర పేజీ కూడా ఇవ్వొద్దు, ఎందుకంటే ఎవరూ చూడకుండా వదిలేసిన ఉత్తరాల పేజీ అసలు లేనిదానికంటే ఎక్కువ నష్టం చేస్తుంది. అదెలాగో కింద చెప్తాను.

ముందు దానివల్ల ఏం వస్తుందో చెప్పనివ్వండి. మా రెండో ఏడాదిలో పొందూరు ఖద్దరు మీద ఒక వ్యాసం వేశాం. రాసినాయన చదువుకున్నవాడు, మంచివాడు, ఒక మధ్యాహ్నం పొందూరు వెళ్ళి చూసొచ్చి రాశాడు. అక్కడ వాలుగ చేప దవడ వాడతారన్న సంగతి మీరూ వినే ఉంటారు. ఆ దవడతో నూలు దువ్వుతారని ఆయన రాశాడు, మేము వేసేశాం. పది రోజులకి ఒక పోస్టుకార్డు వచ్చింది. అక్షరాలు స్కూల్లో చదివే పిల్లవి, మాట వాళ్ళ అమ్మమ్మది. "బాబూ, చేప దవడతో దువ్వీది నూలు కాదు, పత్తి. గింజ ఉండగానే దువ్వుతాం. దుమ్మూ ఆకుముక్కలూ పోయి పోగులన్నీ ఒక వైపుకి వొస్తాయి. అప్పుడు గింజ తీసీది. మీరు రాసినట్టు నూలు దువ్వితే అంతా తెగిపోద్ది." కార్డు అంతే. కింద ఊరి పేరు, మనవరాలి సంతకం.

ఆ వచ్చే ఆదివారం నేను పొందూరు వెళ్ళాను. ఆవిడ గుమ్మంలో కూర్చుని పని చేస్తోంది. సూదిమొనల్లాంటి సన్నటి పళ్ళున్న దవడ ముక్క కుడిచేతిలో, చిటికెడు కొండపత్తి ఎడమచేతి వేళ్ళ మధ్య. ఒక్కో గింజ చుట్టూ ఉన్న దూదిని చంటిపిల్ల తల దువ్వినట్టు మెల్లగా దువ్వుతూ పోతోంది. నేను అక్కడ గంటసేపు కూర్చుంటే ఆవిడ దువ్వింది గుప్పెడు పత్తి. ఆ పని ముందు కూర్చున్నాక, మా వ్యాసంలో ఆ ఒక్క వాక్యం ఎంత పెద్ద తప్పో నాకర్థమైంది. వ్యాసం రాసిన మనిషి, నేను, డీటీపీ చేసిన కుర్రాడు, ప్రూఫులు దిద్దిన మాస్టారు, నలుగురం చదువుకున్నవాళ్ళమే, నలుగురి కళ్ళ కిందనుంచీ అది జారిపోయింది. దాన్ని పట్టుకున్నది ఆ పని చేసే చెయ్యి. మాకు ఉత్తరాల పేజీ లేకపోయినట్టయితే ఆవిడ ఏం చేసేది? ఈ చదువుకున్నోళ్ళు ఇంతే అనుకుని పత్రిక పక్కన పడేసేది. ఆవిడ సవరణ మొదటి పేజీలోనే బాక్సు కట్టి వేశాం, ఆవిడ పేరుతో, ఆవిడ మాటల్లోనే.

ఆవిడ మాటల్లోనే అన్నాను కదా, అక్కడో విషయం ఉంది. ఉత్తరాలు దిద్దేటప్పుడు మనలాంటివాళ్ళ చెయ్యి ఊరుకోదు. మొదట్లో మా ప్రూఫు మాస్టారు 'నాను' అని ఉన్నదల్లా 'నేను' చేసేవారు, 'ఎల్లినాను'ని 'వెళ్ళాను' చేసేవారు. ఆమదాలవలస వైపు నుంచి ఒక రైతు క్రమం తప్పకుండా రాసేవాడు. ఒకసారి ఆఫీసుకొచ్చి, తన ఉత్తరం అచ్చయిన పేజీ తీసి బల్ల మీద పెట్టి, "ఇది నా ఉత్తరం కాదు బాబూ, ఎవులిదో" అన్నాడు. నాకు చాలా సిగ్గేసింది. మనుషులు మాట్లాడే తెలుగులోనే రాయాలని జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు పుట్టిన పర్వతాలపేట మా జిల్లాలోదే. ఏటా ఆగస్టు 29న ఆయన పేర తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. అలాంటి నేల మీద పత్రిక పెట్టి ఒక రైతు మాటని మేము తుడిచేశాం. ఆ తర్వాత నిడివి కోసం కత్తిరించాం తప్ప భాష ముట్టుకోలేదు. మీరూ ముట్టుకోకండి. విజయనగరం, బొబ్బిలి, సాలూరు, ఒక్కో వైపుది ఒక్కో యాస, అది మీ పత్రికలో ఇంకే పేజీలోనూ ఇంత సహజంగా రాదు.

గిడుగువారి పేరు ఎత్తాను కాబట్టి, ఏ ఉత్తరం వేయాలి, ఏది ఆపాలి అన్నదానికి ఆయన దగ్గర నేర్చుకున్న కొలత ఒకటి చెప్తాను. ఆయన పండితులతో చేసినంత గట్టి వాదం తెలుగులో అరుదు. 1919లో 'తెలుగు' అని సొంతంగా పత్రిక కూడా పెట్టారు. ఆయన పద్ధతి ఏమిటంటే ఎదుటివాళ్ళు రాసిన వాక్యాన్నే తీసి, ఇదిగో మీరు చెప్పే వ్యాకరణం మీ వాక్యంలోనే నిలబడలేదు అని చూపించడం. వాదం మొత్తం ఆ వాక్యం మీద. నేను ఉత్తరాలకి అదే కొలత పెట్టుకున్నాను. ఫలానా పేజీలో ఫలానా మాట తప్పు, ఎందుకంటే ఇదీ అని రాస్తే, ఎంత ఘాటుగా ఉన్నా, అది నన్ను తిట్టినా సరే, వేసేవాణ్ణి. వాక్యాన్ని వదిలేసి రాసిన మనిషి కులం, ఊరు, ఇంట్లోవాళ్ళు, ముఖం అంటూ మొదలెడితే ఎంత పెద్దవాళ్ళు రాసినా పక్కన పెట్టేవాణ్ణి. ఇందులో ఎప్పుడూ నాకు టెన్షన్ లేదు, ఎందుకంటే అడిగినవాళ్ళకి ఉత్తరం చూపించి ఏ వాక్యం గురించి రాశారో మీరే చెప్పండి అంటే చాలు.

ఇక దెబ్బ తిన్న సంగతి. ఒక నెల ప్రెస్సుకి వెళ్ళే తొందరలో ఒక పేజీ మూలలో ఖాళీ మిగిలింది. చేతికందిన ఉత్తరం ఒకటి తీసి వేసేశాను. ఒక ఊళ్ళో చెరువు గర్భాన్ని ఫలానా ఆయన కలిపేసుకున్నాడు అని, పేరుతో సహా ఉంది. చెరువుల ఆక్రమణ మన వైపు నిజంగా ఉన్న బాధే కాబట్టి నాకు అనుమానం రాలేదు. వారం తిరక్కుండా ఆ పేరుగల మనిషి వచ్చాడు. అరవలేదు. పట్టాదారు పాసుపుస్తకం, పాత దస్తావేజులు తీసి ఒక్కొక్కటే నా ముందు పెట్టాడు. ఆ భూమి వాళ్ళ తాత కొన్నది. రాసింది ఆస్తి పంపకాల్లో తేడా వచ్చిన దాయాది, కింద పెట్టిన పేరు దొంగపేరు. అది అచ్చమైన ఆకాశరామన్న ఉత్తరం అని అప్పుడు తెలిసింది. "మా అమ్మాయి కాలేజీ లైబ్రరీలో చదివింది సార్, ఇంటికొచ్చి అన్నం తినలేదు" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ నన్ను వదల్లేదు. తర్వాత లాయరు నోటీసు వచ్చింది, మేము క్షమాపణ వేశాం, ఆయన పెద్దమనసుతో అక్కడితో ఆపాడు. కానీ అప్పటికి నాలుగు వందల కాపీలు ఊళ్ళలోకి వెళ్ళిపోయాయి. క్షమాపణ చదివినవాళ్ళు ఎంతమంది, ముందుది చదివి మర్చిపోనివాళ్ళు ఎంతమంది?

ఎవరూ చూడని పేజీ ఎక్కువ నష్టం చేస్తుందన్నది ఇందుకే. ఆ నెల ఆ పేజీ దగ్గర మనిషి లేడు. అప్పుడు భయపడి మొత్తం పేజీయే తీసేశాను.

కేసుల గురించి మీవాళ్ళు భయపడటం తప్పు కాదు, తెలుసుకుని భయపడటం మంచిది. ఉత్తరం ఇంకెవరో రాశారు, మేము అచ్చు వేశామంతే అంటే కుదరదు. పరువునష్టం భారతీయ న్యాయ సంహితలో 356వ సెక్షన్, అందులో రాసినవాళ్ళతో పాటు ప్రచురించినవాళ్ళూ వస్తారు. రెండేళ్ళ వరకు జైలు గానీ జరిమానా గానీ రెండూ గానీ పడొచ్చు, లేదా సమాజసేవ చేయమనొచ్చు. పేజీ అడుగున 'అభిప్రాయాలు రచయితలవే' అని చిన్నక్షరాల్లో వేసుకుంటే చాలనుకుంటారు చాలామంది, దాన్ని నమ్ముకోకండి. పత్రిక నమోదు సంగతి కూడా చూసుకోండి. మేము 1867 నాటి పాత చట్టం కింద డిక్లరేషన్ ఇచ్చి మొదలుపెట్టాం. ఇప్పుడు దాని స్థానంలో 2023లో చేసిన కొత్త చట్టం 2024 మార్చి 1 నుంచి అమల్లో ఉంది, దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. మొదటి సంచికకి ముందే ఆ పని పూర్తి చేసుకోండి. రిజిస్ట్రేషన్ సరిగ్గా ఉన్న పత్రికకి నోటీసొస్తే జవాబివ్వడం తేలిక, లేనిదానికి ఇంకో చిక్కు తోడవుతుంది.

పేజీ తీసేసిన రెండేళ్ళలో ఏం జరిగిందంటే, తప్పులు ఆగలేదు, తప్పులు చెప్పేవాళ్ళు ఆగిపోయారు. చందా కట్టించుకోవడానికి నరసన్నపేట, టెక్కలి వైపు వెళ్తే, "మా మాట అక్కర్లేదేటి ఇప్పుడు?" అని నలుగురైదుగురు అడిగారు. ఒకాయన చందా కట్టలేదు. మళ్ళీ పెట్టినప్పుడు మాత్రం కట్టుబాట్లు రాసుకుని పెట్టాను. పేరూ ఊరూ ఫోనూ లేని ఉత్తరం వేయలేదు. పేరు బయటపెట్టొద్దని ఎవరైనా అడిగితే, కారణం సబబుగా ఉంటే ఊరి పేరుతోనే వేశాం, కానీ ఆ మనిషెవరో నాకు తెలిసి ఉండాలి, ఒకసారైనా మాట్లాడి ఉండాలి. ఒక మనిషి మీద ఆరోపణ ఉంటే అది ఉత్తరంగా పోదు. నిజంగా విషయం ఉందనిపిస్తే మా మనిషి వెళ్ళి కాగితాలు చూసి, రెండో వైపు మాట విని, వార్తగా రాయాలి, లేకపోతే ఆపేయాలి. ఎవరి రచన మీదైనా ఘాటైన ఉత్తరం వస్తే అచ్చు వేసే ముందే వాళ్ళకి చూపించి, జవాబు రాస్తారా అని అడిగి, రాస్తే అదే పేజీలో అదే సైజు అక్షరాల్లో పక్కనే వేశాం. ఇది మర్చిపోవద్దు. కొత్తగా రాస్తున్న ఒక అమ్మాయి కథ మీద వచ్చిన ఉత్తరాన్ని తనకి చెప్పకుండా వేశాను. తప్పేం లేని విమర్శే, కానీ అది తను నలుగురి మధ్యలో చూడాల్సి వచ్చింది. మళ్ళీ మాకు కథ పంపలేదు.

ఒక విషయంలో మాత్రం ఎవరేమన్నా తగ్గొద్దు. ఉద్దానం కిడ్నీ జబ్బు మీద మేము ఒక సంచిక వేసినప్పుడు, ఫలానా పసరు తాగితే డయాలసిస్ అక్కర్లేదని ఒకాయన రాశాడు. వేయలేదని ఫోన్ చేసి, ప్రజల గొంతు నొక్కుతున్నావని తిట్టాడు. ఆ ఊళ్ళలో డయాలసిస్‌కి వెళ్ళొచ్చే మనుషుల్ని, వాళ్ళ వెంట వెళ్ళే ఇంట్లోవాళ్ళని నేను చూశాను. వాళ్ళలో ఒక్కరు ఆ ఉత్తరం నమ్మి ఒక్క వారం మానేసినా ఆ పాపం నాదే. ఒళ్ళు బాగోని మనిషి చదివి నష్టపోయే మాట ఏదైనా, అది పాఠకుడి అభిప్రాయం కాదు. దానికి చోటు లేదు.

ఎన్నికలప్పుడు మూసేయండి. 2021 ఫిబ్రవరిలో పంచాయతీ ఎన్నికలు జరిగినప్పుడు రెండు నెలలు ఉత్తరాలు ఆపుతున్నాం అని ముందు సంచికలోనే చెప్పి ఆపాం. ఎవరూ ఏమీ అనలేదు.

మీవాళ్ళు పొగడ్తలన్నారు కదా, అది నిజమే. 'మీ పత్రిక అద్భుతం, ప్రతి రచనా ఆణిముత్యం' అని నెలకి పది వస్తాయి. కొన్ని రచయితలే స్నేహితుల చేత రాయించి పంపుతారు, రెండు నెలలు చూస్తే చేతిరాతలే చెప్పేస్తాయి. అందరికీ ఒక ఫోన్ చేసి ధన్యవాదాలు చెప్పండి, అచ్చు వేయకండి. ఇంకో సంగతి, ఉత్తరాలు రాసేవాళ్ళు ఎప్పుడూ ఆ పదిహేను మందే ఉంటారు, రిటైరైన మాస్టార్లు, తీరిక ఉన్నవాళ్ళు, కోపమొచ్చినవాళ్ళు. వాళ్ళ మాటే పాఠకులందరి మాట అనుకుని పత్రికని అటు తిప్పేస్తే మునిగిపోతారు. రాయనివాళ్ళ దగ్గరికి మీరే వెళ్ళాలి. ఇప్పుడు మీకున్న సౌకర్యం మాకు మొదట్లో లేదు, వాట్సాప్ నంబరు ఒకటి వేయండి, రాయడం రానివాళ్ళు గొంతుతో చెప్తారు. మేము చివరి నాలుగైదేళ్ళు అలా తీసుకున్నాం. విని కాగితం మీద పెట్టి, మళ్ళీ ఫోన్ చేసి చదివి వినిపించి, సరే అన్నాకే వేసేవాళ్ళం. ఆడవాళ్ళ ఉత్తరాలు అప్పటిదాకా మాకు ఒకటీ అరా వచ్చేవి, ఆ తర్వాత ప్రతి నెలా వచ్చాయి.

తిత్లీ తుఫాను గురించి చెప్పకపోతే ఈ జవాబు సగమే. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున అది పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి, పనస నేలమట్టమయ్యాయి, కరెంటు లేదు, ఫోన్లు లేవు. ఆ నెల సంచికకి మా దగ్గర వ్యాసాలు సిద్ధంగా ఉన్నాయి, కానీ వేయబుద్ధి కాలేదు. ఫోన్లు కలిశాక మా చందాదారులకే ఒక్కొక్కరికీ చేసి, మీ ఊళ్ళో ఏమైందో మీరే చెప్పండి, రాసుకుంటాం అన్నాం. ఎనిమిది పేజీలూ ఉత్తరాలే. కవిటి వైపు నుంచి ఒకాయన చెప్పినది నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు. పడిపోయిన చెట్ల కాయల్లో నీళ్ళే నాలుగు రోజులు పిల్లలకి తాగించాం, తర్వాత కాయలూ కుళ్ళిపోయాయి, మొద్దులు తియ్యాలంటే యంత్రమోడు అడిగీ డబ్బు చెట్టు బతికున్నప్పుడు కూడా నాకు రాలేదు, మళ్ళీ నాటితే కాపుకొచ్చీసరికి నాకు డెబ్భై ఏళ్ళు అన్నాడు. ఎన్ని ఎకరాలు, ఎన్ని చెట్లు అన్న లెక్కలు పెద్ద పత్రికల్లో వచ్చాయి, అవీ కావాలి. పిల్లలకి ఏ నీళ్ళు తాగించారన్నది మాత్రం ఆయన చెప్తేనే తెలిసింది. ఆయన మాకు చెప్పింది, అంతకుముందు ఏడెనిమిదేళ్ళుగా ఆయన ఉత్తరాలు మేము వేస్తూ వచ్చాం కాబట్టి. తుఫాను వచ్చిన రోజు కొత్తగా పేజీ తెరిచి అడిగితే ఎవరూ అలా మాట్లాడరు.

మీకు నా సలహా, మొదటి మూడు సంచికలకి అర పేజీతో మొదలుపెట్టండి. ఆ అర పేజీ చూసుకునే మనిషి పేరు, ఫోను అక్కడే వేయండి, ఉత్తరాలు చేరాల్సిన చివరి తేదీ కూడా. వచ్చిన ప్రతిదానికీ, వేసినా వేయకపోయినా, అందిందని ఒక్క మాట పంపండి. వేయనప్పుడు ఎందుకు వేయలేదో చెప్పండి, దానికి సగం కోపాలు చల్లారిపోతాయి. ప్రతి కాపీలోనూ మీ చిరునామా రాసిన పోస్టుకార్డు ఒకటి పెట్టి పంపండి. కార్డు అర్ధరూపాయే, ఐదు వందల కాపీలకి రెండు వందల యాభై రూపాయలు. అందులో ముప్పై వెనక్కి వచ్చినా మీ పేజీ నిండుతుంది.

మొదటి సంచికలో బొబ్బిలి వీణ మీద రాస్తున్నామన్నారు. అచ్చుకి వెళ్ళకముందే ఆ వ్యాసం పట్టుకుని గొల్లపల్లి వెళ్ళండి, పనసమొద్దు తొలుస్తూ కూర్చునేవాళ్ళ పక్కన కూర్చుని మొత్తం చదివి వినిపించండి. వాళ్ళు ఎక్కడ ఉలి ఆపి తలెత్తుతారో అక్కడ గుర్తు పెట్టుకోండి. ఆ తర్వాత ప్రెస్సుకివ్వండి.